పాత టూ-స్ట్రోక్ మోటార్‌సైకిల్‌ను ఇంటి దగ్గరే బాగుచేసుకోవడం

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు టూ-స్ట్రోక్ ఇంజన్ ఎలా గాలి పీల్చుకుంటుందో వివరించగలుగుతారు. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న బండిని ఏ వరుసలో విప్పాలో, ఏ పని మీరే చేసుకోవచ్చో, ఏ పనిని లేత్ మిషన్ దగ్గరికి తీసుకువెళ్లాలో నిర్ణయించుకోగలుగుతారు. బాగుచేసిన ఇంజన్ తొలి ప్రయాణంలోనే ఎందుకు పట్టేస్తుందో, దాన్ని ముందుగానే ఎలా పసిగట్టవచ్చో తెలుసుకుంటారు.

9.1 ప్రవేశిక

మీరు గాజులరామారంలోనో, షాపూర్‌నగర్, చింతల్ ప్రాంతాల్లోనో ఉంటున్నారనుకుందాం. అద్దె పోర్షన్లున్న ఏ పాత ఇంటికి వెళ్లినా మెట్ల కింద టార్పాలిన్ కప్పిన బండి ఒకటి కనిపించడం అరుదేమీ కాదు. జీడిమెట్ల పారిశ్రామికవాడలో షిఫ్టులకు వెళ్లినన్నాళ్లు ఆ ఇంటి పెద్దాయన నడిపిన బండి అది. యెజ్డీయో, రాజ్‌దూతో, ఆర్‌ఎక్స్ 100 అయినా కావచ్చు. ఆయన నడపడం మానేశాక కదలలేదు. అమ్మడానికి మనసొప్పదు, నడపడానికి బండి ఒప్పుకోదు.

అలాంటి బండిని బాగుచేద్దామనుకున్నవారిలో చాలామంది మొదట వెళ్లేది రంగులు వేసే షాపుకు. నేనూ అదే చేశాను. నా మొదటి బండికి ట్యాంకు మీద బంగారు గీతలు గీయించి, క్రోమ్ చేయించి, సీటు కుట్టించాను. ఇంజన్‌కు కొత్త పిస్టన్, రింగులు వేయించి సరిపెట్టాను. గాజులరామారం నుంచి బయలుదేరి షాపూర్‌నగర్ దాటకముందే వెనక చక్రం ఒక్కసారిగా బిగిసిపోయింది. కింద పడలేదు, అంతవరకు అదృష్టం. విప్పి చూస్తే కొత్త పిస్టన్ సిలిండర్ గోడకు అతుక్కుని గీతలు పడి ఉంది. కారణం పిస్టన్ కాదు, రింగులు కాదు. నేను మార్చకుండా వదిలేసిన చిన్న రబ్బరు సీల్. ఈ యూనిట్‌లో ఎక్కువ భాగం ఆ సీల్ గురించే ఉంటుంది. మీకు వింతగా అనిపించినా ఓపిగ్గా చదవండి.

9.2 ఏ బండ్ల గురించి మాట్లాడుతున్నాం?

మన దగ్గర ఎక్కువగా దొరికే పాత టూ-స్ట్రోక్‌లలో జావా, యెజ్డీలది ప్రత్యేక స్థానం. రుస్తుం ఇరానీ, ఫరూఖ్ ఇరానీలు మైసూరులో స్థాపించిన ఐడియల్ జావా సంస్థ 1961లో చెకోస్లోవేకియా జావాను ఇక్కడ తయారుచేయడం మొదలుపెట్టింది. 1973 నుంచి ఆ బండ్లకు యెజ్డీ అనే పేరు వచ్చింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. ఇటీవల అవే పేర్లతో మళ్లీ వస్తున్న మోటార్‌సైకిళ్లు ఫోర్-స్ట్రోక్‌లు. వాటితో ఈ పాఠానికి సంబంధం లేదు. ఎస్కార్ట్స్ తయారుచేసిన రాజ్‌దూత్, 1985 నుంచి 1996 వరకు వచ్చిన 98 సీసీ యమహా ఆర్‌ఎక్స్ 100 మిగతా రెండు ముఖ్యమైనవి. మన హైదరాబాద్‌కూ తనదైన టూ-స్ట్రోక్ ఒకటి ఉండేది. అది ఆల్విన్ పుష్పక్. స్కూటర్ కాబట్టి పక్కన పెడుతున్నాం గానీ, ఇక్కడ చెప్పే సూత్రాలన్నీ దానికీ వర్తిస్తాయి.

ఉదాహరణకు 250 సీసీ జావా-యెజ్డీ ఇంజన్‌ను తీసుకుందాం. ఒకే సిలిండర్, 65 మి.మీ. బోర్, 75 మి.మీ. స్ట్రోక్. సిలిండర్ ఒకటే అయినా పొగ బయటికి పోయే దారులు రెండు, సైలెన్సర్లు రెండు. కిక్ రాడ్‌నే ముందుకు వాలిస్తే అదే గేర్ రాడ్ అవుతుంది. ఈ బండిని మొదటిసారి చూసినవారు కిక్ ఎక్కడుందో వెతుక్కోవడం మామూలే.

9.3 క్రాంక్ కేసు కూడా ఊపిరి తీస్తుంది

ఫోర్-స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ కేసు నూనె నిలవ ఉండే చోటు మాత్రమే. టూ-స్ట్రోక్‌లో అలా కాదు, క్రాంక్ కేసు ఒక పంపు. పిస్టన్ పైకి వెళ్లినప్పుడు దాని కింద ఖాళీ ఏర్పడి, కార్బరేటర్ నుంచి గాలి, పెట్రోలు, నూనె కలిసిన మిశ్రమం క్రాంక్ కేసులోకి వస్తుంది. పిస్టన్ కిందికి దిగేటప్పుడు ఆ మిశ్రమం నొక్కుకుపోయి, పక్కనున్న ట్రాన్స్‌ఫర్ పోర్టుల గుండా సిలిండర్‌లోకి ఎగదన్నుకుంటుంది. అదే సమయంలో కాలిన పొగ ఎగ్జాస్ట్ పోర్టు గుండా బయటికి పోతుంది. జావా-యెజ్డీలలో వాల్వులు ఉండవు. తలుపులు తెరిచేది, మూసేది పిస్టన్ ఒక్కటే.

ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఈ పీల్చడం, నొక్కడం సెకనుకు 50 సార్లు జరుగుతుంది. ఇప్పుడు క్రాంక్ కేసులో ఎక్కడో సన్నని సందు ఉందనుకోండి. పీల్చే ప్రతిసారీ కార్బరేటర్ కొలిచి పంపిన మిశ్రమంతో పాటు కొలత లేని వట్టి గాలి కూడా ఆ సందులోంచి లోపలికి వస్తుంది. మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గుతుంది. దీనినే లీన్ మిశ్రమం అంటారు. టూ-స్ట్రోక్‌లో పెట్రోలుతో పాటే నూనె వస్తుంది కాబట్టి, పిస్టన్‌కు అందే నూనె కూడా అదే పాళ్లలో తగ్గుతుంది. వేడి పెరుగుతుంది, జారుడు తగ్గుతుంది. రెండు దెబ్బలూ ఒకేసారి.

వేడికి ఏం జరుగుతుందో ఒక చిన్న లెక్క చూడండి. అల్యూమినియం మిశ్రలోహంతో చేసిన పిస్టన్ ఒక్కో డిగ్రీకి తన కొలతలో పది లక్షల వంతుల్లో దాదాపు 20 వంతులు వ్యాకోచిస్తుంది. అంటే 65 మి.మీ. పిస్టన్ మామూలు కంటే 50 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే దాని వ్యాసం 0.065 మి.మీ. పెరుగుతుంది. ఒక తల వెంట్రుక మందం అంత. పోత ఇనుప సిలిండర్ దాదాపు అందులో సగమే వ్యాకోచిస్తుంది. పిస్టన్‌కూ గోడకూ మధ్య బోరింగ్ చేసేటప్పుడు వదిలే ఖాళీ కూడా వెంట్రుకలతో పోల్చదగినంతే. ఖాళీ అయిపోయిన చోట పిస్టన్ పట్టేస్తుంది. మన మెకానిక్‌లు దీన్ని ‘సీజ్ అయింది’ అంటారు.

ఆ సందు ఎక్కడ ఏర్పడుతుంది? క్రాంక్ షాఫ్ట్ రెండు కొనలు కేసులోంచి బయటికి వచ్చే చోట రెండు ఆయిల్ సీల్స్ ఉంటాయి. బండి ఏళ్ల తరబడి కదలకపోతే వాటి రబ్బరు పెదవులు గట్టిపడి షాఫ్ట్‌ను పట్టుకోవడం మానేస్తాయి. జావా-యెజ్డీలో కుడివైపు సీల్‌కు అవతల డైనమో ఉంటుంది. అక్కడ నూనె ఉండదు. అది పాడైతే ఇంజన్ వట్టి గాలి పీలుస్తుంది. ఎడమవైపు సీల్‌కు అవతల ప్రైమరీ చైన్, క్లచ్ ఉండే నూనె కేసు ఉంటుంది. అది పాడైతే ఇంజన్ ఆ నూనెను తాగుతుంది. సైలెన్సర్ల నుంచి దట్టమైన తెల్లటి పొగ వస్తుంది, నూనె మట్టం తగ్గిపోతుంటుంది. పొగ వచ్చే బండిని చూసి అందరూ భయపడతారు. నా అభిప్రాయంలో ప్రమాదకరమైనది రెండోది కాదు, మొదటిదే. అది పొగ రూపంలో ఏమీ చెప్పదు. యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజన్ వేగం వెంటనే తగ్గకుండా కాసేపు అలాగే ఉండటం, ఐడ్లింగ్ ఒకచోట నిలవకపోవడం, ఇవే దాని లక్షణాలు.

9.4 పానా పట్టుకునే ముందు

మొదటి పని కాగితాలది. బండి ఇంటిదే అయినా, కొన్నదే అయినా ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో సరిపోలాయా చూడండి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసి దాచుకోండి. తరువాత ఫ్రేమ్‌కు శాండ్ బ్లాస్టింగ్, పౌడర్ కోటింగ్ చేయించేటప్పుడు ఆ నంబరు అరిగిపోకుండా, రంగు పొర కింద కప్పుకుపోకుండా టేపు వేయించాలి. చదవలేని నంబరును ‘మళ్లీ కొట్టించుకోవడం’ చట్టరీత్యా నేరం. ఎవరైనా సలహా ఇచ్చినా ఒప్పుకోకండి.

రెండోది, విప్పకముందే బండిని చదవడం. ప్రతి వైపు నుంచి ఫోన్‌తో ఫోటోలు తీయండి. వైర్ల రంగులు, కేబుళ్లు వెళ్లిన దారులు దగ్గరి నుంచి తీయండి. ఒక నోటుపుస్తకం పెట్టి ఎడమ పేజీలో కనిపించినది, కుడి పేజీలో మీరు ఊహించిన కారణం రాయండి. కాంటాక్ట్ తరగతికి వచ్చేటప్పుడు ఆ పుస్తకం తెస్తే మాట్లాడుకోవడానికి పనికొస్తుంది. విప్పిన బోల్టులను ఏ భాగానివి ఆ భాగానికి వేరే డబ్బాలో వేసి పేరు రాయండి. ‘తరువాత గుర్తుంటుంది’ అనుకున్నది ఏదీ గుర్తుండదు.

ఇంజన్ తిరగకపోతే కిక్ మీద నిలబడి తొక్కకండి. కిక్ షాఫ్ట్ విరిగితే ఒక సమస్య రెండవుతుంది. ప్లగ్ తీసి, ఆ రంధ్రంలోంచి కొంచెం డీజిల్ పోసి రెండు మూడు రోజులు వదిలేయండి. తరువాత పై గేరులో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ ఊపండి. తుప్పు పట్టిన రింగులు చాలావరకు ఇలా వదులుతాయి. కేసుల మీది స్క్రూలు మెత్తని అల్యూమినియంలో ఏళ్లపాటు బిగిసి ఉంటాయి. మామూలు స్క్రూడ్రైవర్‌తో తలలు అరగదీసుకోకుండా, సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ ఒకటి కొనుక్కోవడం మంచిది. ఈ పని మొత్తంలో నేను పశ్చాత్తాపపడని ఖర్చు అదొక్కటే.

బ్రేకు డ్రమ్ములు తెరిచేటప్పుడు ఒక జాగ్రత్త. పాత బ్రేకు షూలలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. ఆ ధూళిని నోటితోనో గాలి పంపుతోనో ఊదకండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో కట్టి పారేయండి. మాస్క్ పెట్టుకోండి.

9.5 రక్తపోటు మీటరుతో ఇంజన్ పరీక్ష

ఇంజన్‌ను కింద పెట్టి విప్పేముందు, మళ్లీ బిగించిన తరువాత, రెండుసార్లూ చేయవలసిన పరీక్ష ఇది. దీనికి ఖరీదైన సాధనం అక్కరలేదు. ఇంట్లో రక్తపోటు చూసే పాత చేతిపంపు మీటరు ఉంటే చాలు. దాని గుండ్రటి ముల్లు 300 మి.మీ. పాదరసం వరకు చూపిస్తుంది. మనకు కావలసింది 250. అది సుమారు 0.33 బార్. క్రాంక్ కేసు నిజంగా పనిచేసేటప్పుడు అందులో ఏర్పడే ఒత్తిడికి దగ్గరగా ఉంటుంది, సీల్స్‌కు హాని చేయదు.

కార్బరేటర్, సైలెన్సర్ పైపులు తీసేయండి. కార్బరేటర్ కూర్చునే గొట్టం మూతిని రబ్బరు ముక్క, దాని మీద ఇనుప రేకు పెట్టి బిగించి మూయండి. రెండు ఎగ్జాస్ట్ మూతులనూ అలాగే మూయండి. ఒక పాత ప్లగ్ లోపలి పింగాణీ పగలగొట్టి తీసేసి, ఆ ఖాళీలో చిన్న గొట్టం అతికించి, మీటరు రబ్బరు పైపు తగిలించండి. పిస్టన్‌ను పూర్తిగా కిందికి దించండి. అప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టులు తెరుచుకుని సిలిండర్, క్రాంక్ కేసు ఒకే గది అవుతాయి. నెమ్మదిగా 250 వరకు పంపు కొట్టి, గడియారం చూస్తూ ఆగండి.

ముల్లు నిమిషానికి 50 మి.మీ. కంటే ఎక్కువ పడితే ఎక్కడో కారుతున్నట్టే. కొత్త సీల్స్, గ్యాస్కెట్లు వేశాక అయితే దాదాపు కదలకూడదు. సబ్బు నీళ్లు బ్రష్‌తో పూస్తూ వెళ్లండి. ముందుగా మీరు బిగించిన మూతలకే పూయండి, సగం కారుడు అక్కడే ఉంటుంది. తరువాత హెడ్ చుట్టూ, సిలిండర్ కింది గ్యాస్కెట్ చుట్టూ, రెండు కేసుల అతుకు వెంట, డైనమో మూత తీసి సీల్ దగ్గర. బుడగ వచ్చిన చోటే జబ్బు. ఎక్కడా బుడగ లేకుండా ముల్లు పడుతుంటే గాలి ఎడమ సీల్ దాటి చైన్ కేసులోకి పోతోందని అర్థం. ఆ కేసు నూనె పోసే మూత తెరిచి చెవి పెట్టి వింటే సన్నగా సవ్వడి వినిపిస్తుంది.

ఈ పరీక్షకు అరగంట పడుతుంది. చేయకపోతే ఏమవుతుందో 9.1లో చెప్పాను.

మీ ప్రగతిని సరిచూసుకోండి

(1) కుడివైపు సీల్ పాడైన బండి, ఎడమవైపు సీల్ పాడైన బండి రెండూ మీ ముందు నడుస్తున్నాయి. చూసి, విని ఏది ఏదో ఎలా చెబుతారు? (2) పరీక్షలో పిస్టన్‌ను పైన ఉంచితే క్రాంక్ కేసు సీల్స్‌ను ఎందుకు సరిగా పరీక్షించలేం? జవాబులు మీ నోటుపుస్తకంలో రాసి 9.3ను మళ్లీ చదివి పోల్చుకోండి.

9.6 లేత్ మిషన్ దగ్గరికి తీసుకువెళ్లే పనులు

ఇంట్లో చేయలేని పనులు రెండున్నాయి. ఈ విషయంలో గాజులరామారంలో ఉండటం మీ అదృష్టం. చింతల్‌లో హెచ్‌ఎంటీ మెషిన్ టూల్స్, బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, వాటి చుట్టూ పెరిగిన చిన్న చిన్న వర్క్‌షాపులు, జీడిమెట్ల షెడ్లు కలిసి ఈ ప్రాంతానికి ఒక చేతిపని సంప్రదాయాన్ని ఇచ్చాయి. మిల్లీమీటరులో వందో వంతు అంటే ఏమిటో తెలిసిన టర్నర్లు, ఫిట్టర్లు ఇక్కడ సందు సందుకూ ఉంటారు.

మొదటిది క్రాంక్ షాఫ్ట్. టూ-స్ట్రోక్ క్రాంక్ ఒకే ముక్క కాదు. రెండు ఇనుప చక్రాలు, మధ్యలో పిన్ను, దాని మీద కనెక్టింగ్ రాడ్, అన్నీ ప్రెస్‌లో నొక్కి కూర్చిన కట్టు. పెద్ద కొన రోలర్ బేరింగ్ అరిగితే దాన్ని విడగొట్టి, కొత్త కిట్ వేసి, తిరిగి నొక్కి, డయల్ గేజీ కింద తిప్పుతూ సరిచేయాలి. రాడ్‌ను పైకీ కిందికీ లాగి చూసినప్పుడు ‘టక్’మని ఆడితే బేరింగ్ పోయినట్టు. పక్కకు కొంచెం కదలడం మాత్రం సహజం. క్రాంక్ వంకరగా తిరిగితే కొత్త సీల్స్ పెదవులు కొద్ది రోజుల్లోనే అరిగిపోతాయి. కాబట్టి సీల్ మార్చడం ఒక్కటే సరిపోదు, అది ఆనుకుని తిరిగే షాఫ్ట్ నిటారుగా ఉందా లేదా చూడాలి.

రెండోది బోరింగ్. ఓవర్‌సైజ్ పిస్టన్లు సాధారణంగా 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. మెట్లలో దొరుకుతాయి. పిస్టన్ కొని చేతికిచ్చాకే బోరింగ్ చేయించండి. ముందు బోరింగ్, తరువాత పిస్టన్ అంటే ఖాళీ ఎంత వచ్చిందో దేవుడికే తెలియాలి. ఇంకొక విషయం చాలామంది మరిచిపోతారు. బోరింగ్ అయ్యాక సిలిండర్ గోడలోని పోర్టుల అంచులు కత్తిలా పదునుగా ఉంటాయి. వాటిని సన్నని ఆకురాయితో కొద్దిగా గుండ్రంగా అరగదీయాలి. లేకపోతే రింగు ఆ అంచుకు తగులుకుని విరుగుతుంది. కారు ఇంజన్లు మాత్రమే చేసే షాపులో ఈ పని అడగందే చేయరు. మీరే అడగండి. పిస్టన్ బిగించేటప్పుడు రింగు గాట్లు, గాడిలోని చిన్న మేకుల దగ్గరే కూర్చోవాలి. పిస్టన్ నెత్తిన ఉన్న బాణం గుర్తు ఎగ్జాస్ట్ వైపు చూడాలి.

బేరింగులు, సీల్స్ కొనడానికి ‘ఒరిజినల్’ కోసం ఏళ్లపాటు వెతకనక్కరలేదు. బేరింగ్ అంచున చెక్కిన నంబరే దాని కొలత. 6205 అనుకోండి. చివరి రెండంకెలను 5తో గుణిస్తే 25, అంటే లోపలి రంధ్రం 25 మి.మీ. ఆ నంబరుతో రాణీగంజ్‌లోని ఏ బేరింగుల దుకాణంలో అడిగినా అదే కొలత ఇస్తారు. సీల్ మీద లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం వరుసగా రాసి ఉంటాయి. రబ్బరు రకం మాత్రం చెప్పి కొనండి. పెట్రోలు తగిలే చోటు కాబట్టి వైటాన్ రకం దొరికితే అదే తీసుకోండి. ఇక ఎక్కడా దొరకని లివరో, మూతో, మీటరు గాజో కావాలంటే ఎర్రగడ్డ ఆదివారం సంతకో, జుమ్మెరాత్ బజార్‌కో పొద్దున్నే వెళ్లాలి. పాత ముక్క జేబులో పెట్టుకుని వెళ్లండి. బేరం నేర్పడం ఈ యూనిట్ పరిధిలోకి రాదు.

9.7 ట్యాంకు, పెట్రోలు, నూనె

ముందుగా ఒక హెచ్చరిక. ఖాళీ పెట్రోలు ట్యాంకు నిండిన దాని కంటే ప్రమాదకరం. లోపల మిగిలిన ఆవిరి నిప్పు తగిలితే పేలుతుంది. ట్యాంకుకు వెల్డింగ్ ఇంటి దగ్గర చేయించకండి, ఎండబెట్టడానికి మంట చూపించకండి.

లోపలి తుప్పుకు కిరాణా దుకాణంలో దొరికే నిమ్మ ఉప్పు చాలు. లీటరు గోరువెచ్చని నీటికి 50 గ్రాముల చొప్పున కలిపి, ట్యాంకు నిండా పోసి ఒక రాత్రి వదిలేయండి. మరునాడు పారబోసి, వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టండి. ఆరిన గంటలోపే కొంచెం 2టీ ఆయిల్ పోసి అన్ని వైపులా తిప్పండి. ఆలస్యం చేస్తే శుభ్రమైన ఇనుము మీద కొత్త తుప్పు మీ కళ్లముందే వస్తుంది.

ఈ బండ్లు తయారైన రోజుల్లో లేని సమస్య ఒకటి ఇప్పుడుంది. 2025 నాటికి మన బంకుల్లో అమ్మే పెట్రోలులో ఇథనాల్ పాలు 20 శాతానికి చేరింది. ఇథనాల్ పాత రబ్బరు పైపులను, కార్బరేటర్‌లోని పాత వాషర్లను మెత్తబరుస్తుంది. గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి వానాకాలంలో నెలల తరబడి ట్యాంకులో ఉంచితే అడుగున నీరు చేరుతుంది. అంతకంటే ముఖ్యమైనది, ఒక కిలో మామూలు పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన దానికి సుమారు 13.5 కిలోలు చాలు. అంటే పాత జెట్‌తో అదే గాలికి అదే కొలత పెట్రోలు పంపితే మిశ్రమం కొంచెం లీన్ అవుతుంది. కొత్త పైపులు వేయండి, మెయిన్ జెట్ ఒక మెట్టు పెద్దది పెట్టి ప్లగ్ రంగు చూడండి. కాలిన ప్లగ్ కొన బిస్కెట్ రంగులో ఉంటే సరి. తెల్లగా ఉంటే లీన్. నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ.

నూనె విషయానికి వస్తే, బంకులో చేత్తో తిప్పే 2టీ ఆయిల్ పంపు ఉన్న రోజులు మీ నాన్నగారికి గుర్తుండవచ్చు. ఇప్పుడు ఆ లెక్క మీదే. 25:1 అంటే లీటరుకు 40 మి.లీ., 40:1 అంటే లీటరుకు 25 మి.లీ. కొత్త బోరింగ్ చేసిన ఇంజన్‌కు మొదట 25:1, తరువాత మీ మాన్యువల్, మీరు వాడే నూనె డబ్బా చెప్పిన కొలత. నూనెను వేరే సీసాలో పెట్రోలుతో బాగా కలిపాకే ట్యాంకులో పోయండి. ‘భద్రత కోసం’ ఇంకా ఇంకా నూనె కలిపేవారున్నారు. వారు గమనించనిది ఏమిటంటే, జెట్ గుండా వెళ్లే ద్రవంలో నూనె ఎంత ఎక్కువైతే పెట్రోలు అంత తక్కువ. అతి నూనె కూడా మిశ్రమాన్ని లీన్ వైపే నెడుతుంది.

9.8 నిప్పు, రంగు

జావా-యెజ్డీలకు నిప్పురవ్వ బ్యాటరీ, కాయిల్, పాయింట్ల ద్వారా వస్తుంది. బ్యాటరీ బలహీనంగా ఉంటే ఎంత తొక్కినా స్టార్ట్ కాదు, కాబట్టి ముందు దాన్ని చూడండి. పాయింట్ల సందు 0.4 మి.మీ. దగ్గర ఫీలర్ గేజీతో పెట్టండి. పాయింట్లు త్వరత్వరగా మాడిపోతుంటే కండెన్సర్ మార్చండి. టైమింగ్‌ను మాన్యువల్ చెప్పిన మిల్లీమీటర్లకు, పాయింట్లకు చిన్న బల్బు తగిలించి అది వెలిగే క్షణం చూసి సరిచేయండి. అందాజుగా పెట్టడం వద్దు. టైమింగ్ మరీ ముందుకు జరిగినా వేడి పెరుగుతుంది, దాని ఫలితం మీకు ఇప్పటికే తెలుసు.

సైలెన్సర్ల లోపలి బ్యాఫిళ్లు బయటికి వస్తాయి. వాటిలోని మసిని గీకి తీయండి. కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టేవారు చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ఆ పని చేయకూడదు. అల్యూమినియం ముక్క ఏదీ ఆ నీళ్లలో పడకూడదు, పడితే అది కరిగిపోతుంది.

రంగు, క్రోమ్ గురించి తక్కువే చెబుతాను. మీకు చెప్పేవారు చాలామంది దొరుకుతారు. క్రోమ్ పూత నీళ్లు విషపూరితమైనవి. జీడిమెట్లలో పరిశ్రమల వ్యర్థజలాలకు ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉంది. మురికి నీళ్లను సందులోని కాలువలోకి వదిలే షాపుకు కాకుండా సక్రమంగా నడిచే షాపుకు పని ఇవ్వండి. పాత రంగు బాగానే ఉంటే దాన్ని పాలిష్ చేసి అలాగే ఉంచడమే నాకిష్టం. ట్యాంకు మీద మోకాళ్లు ఆనిన చోట రంగు అరిగి ఉంటుంది చూడండి, దాన్ని ఏ పెయింటరూ తిరిగి వేయలేడు.

9.9 తొలి కిక్కు, తొలి 500 కిలోమీటర్లు

జనవరిలో చిత్తారమ్మ జాతరకు బండి తీయాలి, పెళ్లికి తీయాలి అని తేదీ పెట్టుకోకండి. తేదీ పెట్టుకున్నవారే బిగువు పరీక్ష వదిలేస్తారు.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు బండిని ఆరుబయటికి తీయండి. మెట్ల కింద, మూసిన షెడ్డులో వద్దు. ఆ పొగలో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. అపార్ట్‌మెంట్ సందులో అయితే తెల్లవారుజామున కాకుండా పొరుగువారు మేలుకున్నాక చేయండి, వారికి ముందే చెప్పండి. రెండు మూడు నిమిషాలు నడిపి ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ నడపండి. మూడు నాలుగుసార్లు ఇలా చేశాక, చల్లగా ఉన్నప్పుడు హెడ్ నట్లు మళ్లీ బిగించండి.

తరువాతి 500 కి.మీ. వరకు ఒకే వేగంతో పోవద్దు. పెంచుతూ తగ్గిస్తూ ఉండండి. పై గేరులో గుంజుకుంటూ లాగనివ్వకండి. పొడవైన దిగుడులో యాక్సిలరేటర్ పూర్తిగా మూసి ఇంజన్ బ్రేకుతో దిగకండి. పెట్రోలు రానప్పుడు నూనె కూడా రాదు. మధ్యమధ్యలో కొంచెం తెరుస్తూ ఉండండి. వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీద ఉంచండి. ఇంజన్ స్వరం ఒక్కసారిగా బరువెక్కినట్టు, ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు అనిపిస్తే ఆలోచించకుండా క్లచ్ నొక్కి పక్కకు తీయండి. ఆ ఒక్క క్షణంలో క్లచ్ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంటుంది, మీరు నిలబడగలుగుతారు.

కాగితాల్లో రెండు దారులున్నాయి. 50 ఏళ్లు నిండి, మార్పులు చేయని బండి అయితే 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్‌గా నమోదు చేయించవచ్చు. నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి, నమోదు 10 ఏళ్లు చెల్లుతుంది. కానీ ఆ బండిని రోజూ పనికి తీసుకుపోవడానికి వీలులేదు. ప్రదర్శన, ర్యాలీ, పెట్రోలు, మరమ్మతు వంటి పనులకే రోడ్డెక్కాలి. 1980లలోని యెజ్డీ, 1990ల ఆర్‌ఎక్స్ 100 మాటల్లో వింటేజ్ అయినా ఈ నిబంధనలో ఇంకా కావు. వాటికి 15 ఏళ్లు దాటిన మామూలు బండిలాగా మీ ఆర్టీఏ కార్యాలయంలో తనిఖీ చేయించి, ఐదేళ్లకోసారి ఆర్‌సీ పునరుద్ధరించుకోవాలి. పొల్యూషన్ సర్టిఫికెట్‌కు 2000 మార్చి 31కి ముందు తయారైన టూ-స్ట్రోక్ ద్విచక్ర వాహనానికి ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9000 పీపీఎం పరిమితి. పోర్టులు తెరిచి ఉన్న క్షణంలో కొంత తాజా మిశ్రమం కాలకుండానే ఎగ్జాస్ట్‌లోకి జారిపోతుంది, ఈ ఇంజన్లు రోడ్ల మీద నుంచి వెళ్లిపోవడానికి ముఖ్యకారణం అదే. కాబట్టి హైడ్రోకార్బన్ల అంకె ఎక్కువే వస్తుంది. పరీక్షకు వెళ్లేముందు పది కిలోమీటర్లు నడిపి ఇంజన్ వేడెక్కనివ్వండి, ఎయిర్ ఫిల్టర్ కడగండి, చోక్ తెరిచి లేదని చూసుకోండి. వచ్చిన కాగితాన్ని నోటుపుస్తకంలో అతికించి, పక్కనే ఆ రోజు ప్లగ్ రంగు, జెట్ నంబరు, బిగువు పరీక్షలో ముల్లు ఎంత పడిందో రాసుకోండి. వచ్చే ఏడాది ఏదైనా తేడా వస్తే మీరు మొదట తెరిచేది ఆ పేజీనే.